మిద్దె మీద మడమ

నేను ఫోటో తీస్తానని చెప్పిన గోడకు మా అమ్మ తెల్లారేసరికి సున్నం కొట్టి పెట్టింది.

అది మా పశువుల కొట్టం గోడ. ఎన్నేళ్ళ నాటి సున్నమో పెచ్చులు లేచి, కింద ఎర్రమట్టి తొంగిచూస్తూ, ఒకచోట బూడిద రంగుగా, ఇంకోచోట పాకుడు పచ్చగా, చూడటానికి రెండు కళ్ళూ చాలవు. వారం రోజులుగా దాని మీదే కన్నేసి ఉన్నాను. పొద్దున్నే ఫోన్ పట్టుకుని వెళ్ళేసరికి తెల్లగా, పెళ్ళికి తయారైనట్టు నిలబడి ఉంది. పక్కన బకెట్టు, కుంచె, మోచేతుల దాకా సున్నంతో మా అమ్మ సంతోషమ్మ.

“ఏందమ్మా ఇది?”

“ఫోటో తీస్తాననింటివి గదా. ఆ పెచ్చుల గోడను నలుగురూ చూస్తే మనకు మర్యాదనా? అందుకే రెండుసార్లు పూసినా. తీసుకో ఇప్పుడు.”

నాకు ఏడుపూ వచ్చింది, నవ్వూ వచ్చింది. ఫోటో అంటే మా ఊళ్ళో మనిషైనా గోడైనా తల దువ్వుకుని నిలబడాల్సిందే. ఆమెను అని ఏం లాభం? నేను చేసే పని ఏమిటో అప్పటికి మా ఇంట్లో ఎవరికీ సరిగా తెలియదు.

కంప్యూటర్లో దిమ్మెలు పేర్చి ఇళ్ళు కట్టుకునే ఆట ఒకటి ఉంది. మట్టి, రాయి, చెక్క, అన్నీ ఒకే కొలత దిమ్మెలు. వాటి మీది బొమ్మలు మామూలుగా మొరటుగా, గళ్ళుగళ్ళుగా ఉంటాయి. ఆడేవాళ్ళలో కొందరికి అది నచ్చదు. రాయి రాయిలాగే ఉండాలి, మట్టి దగ్గరికి పోయి చూస్తే ఇసుక రేణువు కనపడాలి అంటారు. అలాంటివాళ్ళ కోసం నిజమైన మట్టినీ రాయినీ ఫోటో తీసి, దిమ్మెల మీదికి తొడుగులు తయారుచేస్తారు. టెక్స్చర్లు అంటారు వాటిని. కర్నూలులో నాతో డిగ్రీ చదివిన షమా ఆ పని చేసే జట్టులో ఉంది. ఒకరోజు ఫోన్ చేసింది.

“ఏమే మహిమా, మీ కోయిలకుంట్ల పక్క మట్టి మిద్దెలు ఇంకా ఉండాయా?”

“ఉండాయి కాదు, ఉండాది. మా వీధిలో మిగిలింది మా ఇల్లొకటే.”

“అయితే ఆ మిద్దె మీది మట్టి తీసి పంపు. అతుకు కనపడకుండా కుదిరిందంటే నిన్ను జట్టులోకి తీసుకుంటాం. కుదరకపోతే నన్ను తిట్టుకోవద్దు.”

డిగ్రీ అయ్యాక ఇంట్లో ఖాళీగా కూర్చుని ఉన్నాను. ఆ మాట నాకు మంచినీళ్ళలా అనిపించింది. కొట్టం గోడ చేతికి చిక్కకుండా పోయింది కాబట్టి ఇక ఆశంతా మా ఇంటి మట్టికప్పు, ఆ మిద్దె మీదే.

మిద్దె గురించి మా ఇంట్లో అప్పటికే ఒక తగాదా నడుస్తోంది. మా అన్న అరుణ్ కుమార్ కోయిలకుంట్లలో సెంట్రింగు మేస్త్రీ. చుట్టుపక్కల ఊళ్ళలో సగం ఇళ్ళకు స్లాబులు పోసింది అతనే. వదిన స్తుతి కాన్పుకని మైదుకూరులో పుట్టింటికి పోయి ఉంది. ఈస్టర్ పోయిన తర్వాతి ఆదివారం అన్న ఇంటికొచ్చి, చేతులైనా కడుక్కోకుండా మొదలుపెట్టాడు.

“నాయనా, ఊరందరికీ స్లాబులు పోస్తాండా. మనింటి మీద మాత్రం మట్టి. నీ ఇంటికేముంది మేస్త్రీ అని అడిగితే నా తలకాయ యాడ పెట్టుకోవాల?”

“మెడ మీదనే పెట్టుకో. ఆడనే బాగుండాది,” అన్నాడు మా నాయన నెహెమ్యా.

అన్న నవ్వలేదు. “పోయినేడు వంటింట్లో కారి పొయ్యి ఆరిపోలేదా? బిడ్డ పుట్టినాక స్తుతిని ఈడికే తీసుకొద్దామని ఉండాది నాకు. కారే ఇంట్లో చంటిబిడ్డను ఎట్ల పడుకోబెడ్తావు నువ్వే చెప్పు.”

బిడ్డ మాట వచ్చేసరికి నాయన తలెత్తి కప్పుకేసి చూశాడు. వయసులో ఉన్నప్పుడు ఊళ్ళో సగం మిద్దెలకు చౌడు పరిచింది ఆయనే. చౌడంటే ఉప్పు ఊరిన నేల మట్టి. ఏటా వానలకు ముందు దాన్ని తోలుకొచ్చి మిద్దె మీద కొత్తగా ఒక వరస పరిస్తేనే ఇల్లు కారదు. ఒక్కో ఇంటికీ స్లాబు పడుతుంటే ఆ పని తగ్గుతూ తగ్గుతూ సొంతిల్లు ఒక్కటి మిగిలింది. దాన్ని కూడా తీసెయ్యమంటే ఆయన చేతిలోని ఆఖరి పని కూడా లాక్కున్నట్టే అవుతుందని నాకు తెలుసు.

“ఈ ఎండాకాలం చౌడు పరుస్తా,” అన్నాడు చివరికి. “ఈసారి ఇల్లు కారిందా, గడ్డపార నేనే తెచ్చి మొదటి పోటు నేనే పొడుస్తా. నువ్వు స్లాబు పోసుకో. కారకపోతే మాత్రం, నేనుండేదాకా ఈ మిద్దె మాట నువ్వెత్తగూడదు.”

“మాటేనా?”

“నేనెప్పుడు మాట తప్పినాన్రా?”

తప్పడు. మా చర్చి సంఘంలో ఎవరికి తగాదా వచ్చినా ‘నెహెమ్యా ఏమన్నాడు’ అని అడగటం మామూలు. అమ్మ మాత్రం ఇద్దరి ముందూ అన్నం గిన్నె దబ్బున పెట్టి, “మీ పందెం చల్లగుండ. నెత్తిన నీళ్ళు పడేది నాకు,” అంది.

నేను మా మిద్దెను నిజంగా చూసింది ఆ ఎండాకాలంలోనే. చిన్నప్పటి నుంచి వడియాలు పెట్టడానికీ, మిరపకాయలు ఎండబెట్టడానికీ నిచ్చెనెక్కుతూనే ఉన్నాను. కానీ కాళ్ళ కింద ఏముందో చూడలేదు. చౌడు ఎండకు పగిలి, పగులు పగులుకూ నడుమ బిళ్ళలు బిళ్ళలుగా విడిపోయి, బిళ్ళ అంచుల్లో ఉప్పు తెల్లగా పూసింది. ఏ రెండు బిళ్ళలూ ఒక్కలాగా లేవు. మోకాళ్ళ మీద కూర్చుని చూస్తూ ఉండిపోయాను. ఇంత మంచి వస్తువు నెత్తి మీద పెట్టుకుని గోడల వెంట ఎందుకు తిరిగానా అని నా మీద నాకే కోపం వచ్చింది.

వంటింటి మీద, పొగగొట్టం పక్కన మాత్రం పగుళ్ళు లేవు. గిన్నెలా చిన్న గుంట ఉంది, నున్నగా.

“అది నా మడిమ,” అన్నాడు నాయన వెనక నుంచి. నేనేం చేస్తున్నానో చూద్దామని ఎక్కి వచ్చాడు. “పోయినేడు ఈడ బొక్క పడి పొయ్యి ఆరిపాయె గదా. వానలోనే ఎక్కి, పిడికెడు చౌడేసి మడిమతో తొక్కినా. అట్లే ఎండిపోయింది.”

ఫోటోలు తీసి షమాకు పంపాను. ఆమె జవాబు వెంటనే వచ్చింది. “మట్టి బాగుండాది. కానీ అంతా ఒకే పక్కకు నీడ పడింది. ఆటలో ఎండ వేరే ఉంటాది మహిమా, మీ ఊరెండ నువ్వు పంపగూడదు. మబ్బు పట్టినప్పుడు తియ్యి.”

మే నెలలో కోయిలకుంట్లలో మబ్బట. కర్నూలులో కూర్చున్నా ఆ పిల్ల మా ఎండ తెలియనట్టే మాట్లాడుతుంది. తెల్లవారుజామున తీశాను, మట్టికి నీలం రంగు పట్టింది. పొద్దు గుంకాక తీశాను, ఫోటో అంతా నలుసులు. చివరికి అమ్మ చర్చికి కట్టుకునే తెల్లచీర అడిగాను. చీర అడ్డం పట్టి దాని నీడలో తీద్దామని నా ఎత్తు.

“ఉతికి ఇస్త్రీ చేసి పెట్టింటి దాన్ని,” అని గొణిగింది గానీ ఆ కొసన ఆమె, ఈ కొసన నాయన పట్టుకుని నిలబడ్డారు. గాలికి చీర తెరచాపలా లేస్తుంటే, నేను కింద పాకుతూ ఫోటోలు తీస్తున్నాను. వీధిలో ట్రాక్టరు మీద పోతున్న బుడేన్ సాహెబ్ బండి ఆపి పైకి చూశాడు. మా మిద్దెకు ఏటా చౌడు తోలేది ఆయనే.

“ఏమప్పా నెహెమ్యా, మిద్దెకు చీర కడ్తాండావే? సీమంతమా?”

“నువ్వు చౌడు తోలకముందు దానికి ఫోటో తీస్తాండాం సాబూ,” అన్నాడు నాయన, మొహంలో ఏ మార్పూ లేకుండా. అమ్మకు సిగ్గేసి చీర కొస వదిలేసింది. వచ్చిన కాడికి వచ్చింది, చీర వెడల్పంత ముక్క.

ఆ ముక్కతో పని మొదలుపెట్టాను. నాయన వచ్చి నా పక్కన స్టూలు మీద కూర్చున్నాడు.

“ఇంత ముక్కతో ఊరంత మిద్దె ఎట్ల పరుస్తావమ్మే?”

“దీని పక్కన మళ్ళీ ఇదే పెడ్తా. కింద మళ్ళీ ఇదే. దీని కుడి అంచు పోయి దీని ఎడమ అంచుకే తగుల్తాది. ఆడ పగుళ్ళు కలవాల. కలవకపోతే మట్టి కనపడదు, గళ్ళ లుంగీ కనపడ్తాది.”

“అంటే దీనికి పొరుగు కూడా ఇదేనా?”

“ఔ. తనకు తానే పొరుగు.”

“అయితే గట్టు తగాదా లేదన్నమాట,” అని నవ్వాడు.

“అదే ఉండాది నాయనా. అన్ని తగాదాలూ గట్టుకాడనే.”

పాత పేపరు ఒకటి తీసి నాలుగు ముక్కలు చించాను. పైనున్న ఎడమ ముక్కను కింద కుడి పక్కకు, కింద ఎడమ ముక్కను పైన కుడి పక్కకు, అట్లా ఎదురెదురు ముక్కలు మార్చి పెట్టాను. “చూడు. ఇంతకుముందు నడుమ ఉన్నియి ఇప్పుడు చుట్టూ అంచులైనాయి. అవి ఒకదానికొకటి కలిసే ఉంటాయి. కలవని అంచులన్నీ ఇప్పుడు నడిమికొచ్చినాయి. ఈ నడిమి అతుకును కూర్చొని మాన్పితే సరి.”

ఆయన ఆ ముక్కలు తీసుకుని, పాత చోట పెట్టి, మళ్ళీ మార్చి, మళ్ళీ పెట్టి, చాలాసేపు చూశాడు. మా నాయనకు ఏదన్నా అర్థమైతే మీసం కొస కొరుకుతాడు.

“అంచుల్లో దాక్కునే తప్పును నడింట్లోకి తెచ్చి పెట్టుకోవాల. అప్పుడు గానీ బాగుపడదు.”

“అంతే.”

“బాగుండాదే మీ పని,” అన్నాడు. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. ఆ రోజు దాకా ఆ ఇంట్లో నా పనిని పని అన్నవాళ్ళు లేరు.

రెండు రోజులు కూర్చుని అతుకు మాన్పాను. తీరా పరిచి చూస్తే ముక్కకొకటి చొప్పున, వరసలు వరసలుగా, మడమ గుర్తు. చీర పట్టిన చోటు వంటింటి మీదే అయిందని నేను గమనించలేదు. నాయన చూసి పడీపడీ నవ్వాడు.

“ఊరంతా నేనే తొక్కినట్టుండాది. తీసెయ్‌మ్మే. ఎంత నాదైనా ఇన్ని మడిమలు బాగుండవు.”

నిజమే. టెక్స్చర్‌లో ఉండకూడని వస్తువేదంటే, గుర్తుపట్టగలిగిన వస్తువు. ఒక్క గులకరాయి కంటికి తగిలినా అది మళ్ళీ మళ్ళీ తగులుతూ చెవిలో జోరీగలా సతాయిస్తుంది. మడమను చెరిపేశాను. చెరిపాక ఆ చిన్న ముక్కలో మిగిలింది చాలలేదు. మిద్దె మొత్తం కావాలి. అందుకు మబ్బు కావాలి.

రోహిణి కార్తె వచ్చింది. బుడేన్ సాహెబ్ చౌడు తోలి మా వాకిట్లో కుప్ప పోసి పోయాడు. దాన్ని ఎక్కించి పరిస్తే పాత పగుళ్ళన్నీ కప్పబడిపోతాయి. మళ్ళీ అలా పగలాలంటే ఇంకో ఏడాది పడుతుంది. నేను ఆగమని అడగలేదు. పందెం సంగతి నాకు తెలుసు. “ఉన్న ఫోటోలతో సర్దుకుంటాలే నాయనా, నువ్వు ఎక్కించు,” అన్నాను.

ఆయనే ఒప్పుకోలేదు. ఆ పగుళ్ళ పిచ్చి నాకంటే ఆయనకు ఎక్కువ పట్టింది. రోజూ సాయంత్రం మిద్దెక్కి, ఏ బిళ్ళ పక్కన ఏ బిళ్ళ బాగుంటుందో చూసి వచ్చి నాకు చెప్పేవాడు. అన్నేళ్ళు చౌడు పరిచినవాడు, పరిచాక అది ఏమవుతుందో ఎప్పుడూ కూర్చుని చూడలేదట. 

“మబ్బొచ్చిన పూటే నువ్వు ఫోటో తీసుకో. ఆ పూటే నేను చౌడెక్కిస్తా.”

“మబ్బొచ్చినాక వాన రాదా?” అంది అమ్మ. “ఒకరు మబ్బు రావాలని, ఒకరు రాగూడదని ఉంటే అదొక దారి. ఇద్దరూ ఒకే మబ్బు కోసం కూర్చున్నారే!”

“మన సీమలో మబ్బుకూ వానకూ నడుమ శానా దూరం ఉంటాది సంతోషమ్మా. లేకుంటే మనకిన్ని కరువులు ఎందుకొస్తాయి?”

మా నాయన చేసిన తప్పు అదొక్కటే. మబ్బు వచ్చి ఆశపెట్టి పోవటమే బతుకంతా చూసిన మనిషి, అది ఒకసారి మాట నిలబెట్టుకుంటుందని అనుకోలేదు.

మబ్బు ఒక మధ్యాహ్నం వచ్చింది. ఎండ ఉన్నట్టుండి ఆరిపోయింది. ఆకాశం అంచు నుంచి అంచు దాకా ఒకే బూడిద రంగు. చెయ్యి చాపితే కింద నీడ లేదు. అమ్మ చర్చిలో ఆడవాళ్ళ ప్రార్థనకు పోయింది. నేను నిచ్చెనెక్కి, వరసలు వరసలుగా, ఒక ఫోటో అంచు ఇంకో ఫోటో మీదికి వచ్చేలా తీసుకుంటూ పోయాను. నాయన నా ముందు ఎండుటాకులు ఏరుతూ, గాలికి మిద్దె మీదికి కొట్టుకొచ్చిన వేపకాయలు తీసి పక్కన పారేస్తూ నడిచాడు. పగులు లోపలి అడుగు కూడా కనపడుతోంది. ఉప్పు పూత ఒక్కో రవ్వా లెక్కపెట్టుకోవచ్చు. నేను అంత ఆనందంగా ఏ పనీ చేయలేదు.

“అయిందా?” అన్నాడు నాయన.

“ఇంకొక్క వరస.”

ఆ వరస కూడా తియ్యనిచ్చాడు. తర్వాత కిందికి దిగి గంపతో చౌడు ఎత్తడం మొదలుపెట్టాడు. నేను పైనుంచి అందుకున్నాను. కొన్ని గంపలు పోశామో లేదో, పడమర నుంచి గాలి లేచి, పోసిన చౌడును మా కళ్ళలోకే కొట్టింది. వెనకే చినుకులు. చినుకుల వెనకే వాన. మా సీమలో అట్లాంటి వాన నేను చూడలేదు.

ఇంట్లోకి పరుగెత్తాం. ఇద్దరం తలెత్తి, మిద్దెను మోసే కర్రదూలాలు, ఆ దంతెలకేసి చూస్తూ నిలబడ్డాం. వంటింట్లో చుక్క పడలేదు. ఆయన మడమ తొక్కిన చోటు గట్టిగా ఉంది. నడింట్లో పడలేదు. ముందు గదిలో నాయన మంచం మీద, తలగడ పక్కన, టప్పుమని పడింది. ఇంకోటి పడింది. తర్వాత ధారగా, టీ రంగులో.

నాయన వంటింట్లోంచి సత్తుగిన్నె తెచ్చి దాని కింద పెట్టాడు. నేను తలగడ తీసి పక్కన పెట్టాను.

గిన్నె సగం నిండేసరికి ధార సన్నబడింది. చుక్కలైంది. చుక్క చుక్కకూ నడుమ ఎడం పెరిగింది. ఆగిపోయింది. పైన వాన మాత్రం ఇంకా దంచుతూనే ఉంది.

“ఏమైంది నాయనా?”

“మూసుకుంది,” అన్నాడు. మీసం కొస కొరుకుతున్నాడు. “చౌడు తడిస్తే ఉబ్బుతాది. పగుళ్ళు అవే పూడుకుంటాయి. ఆలోపల కారినంత కార్తాది.”

నేను రెండు రోజులు కూర్చుని మాన్పిన అతుకు గుర్తొచ్చింది. మిద్దె తన అతుకులన్నీ తానే, మేం చూస్తుండగానే, మాన్పుకుంది.

నాయన దుప్పటి మార్చాడు. గిన్నెను నేల మీదికి దింపి, కాలితో మంచం కిందికి నెట్టాడు. ఎందుకు నెట్టాడో నాకు తెలియదు. దారికి అడ్డమని నెట్టాడో, మరెందుకో. నేను అడగలేదు. అడగటానికి నాకు భయమేసింది, ఎందుకంటే ఆ గిన్నె అక్కడే ఉండిపోతే బాగుండునని నాకూ ఉంది.

వాన వెలిశాక అన్న మోటార్ సైకిలు మీద వచ్చాడు, చర్చి దగ్గర అమ్మను ఎక్కించుకుని. ఇద్దరూ తడిసి ముద్దయ్యారు. వాకిట్లో చౌడు కుప్ప సగం కరిగి వీధి వెంట పారుతోంది. దాన్ని చూసి, “ఎక్కించనే లేదా?” అంటూ అన్న చెప్పులు విడిచి లోపలికి వచ్చి, వంటింట్లో చూశాడు. నడింట్లో చూశాడు. ముందు గదిలో తలెత్తి చూశాడు. దంతెలు నల్లగా, మామూలుగానే ఉన్నాయి. అవి ఎప్పుడూ నలుపే.

అమ్మ కూడా నేల మీద చెయ్యి పెట్టి చూసుకుంది. పొడిగానే ఉంది.

“సరేలే నాయనా,” అన్నాడు అన్న. ఆ మాట అనటానికి కష్టపడ్డాడు, కానీ మనస్ఫూర్తిగానే అన్నాడు. “చౌడెయ్యకుండానే ఇంత వానకు నిలబడింది. నువ్వే గెలిచినావు. ఆ మాట నేనింక ఎత్తను.”

మా నాయన ఒకసారి నావైపు చూశాడు. తర్వాత వంగి, మంచం కింద నుంచి గిన్నె తీసి, తీసుకెళ్ళి నడింట్లో పెట్టాడు.

“కారింది,” అన్నాడు.

అన్న గిన్నెకేసి చూశాడు. “ఎంతసేపు?”

“కొంచెంసేపు. మళ్ళ మూసుకుంది.”

“అరగిన్నె నీళ్ళు. దీన్నెవరన్నా కారింది అంటారా?”

“కారింది అంటే కారిందిరా.”

“ఉండనీలే నాయనా,” అన్నాడు అన్న. అప్పటిదాకా పోట్లాడినవాడు ఇప్పుడు ఆయన్నే బతిమాలుతున్నాడు. “రేపు చౌడు తోలిస్తాను నేనే. మళ్ళ ఏడు చూద్దాం.”

“నా తలకాయ పక్కన పడింది. రేపు ఆ మంచం మీద పడుకునేది నేను కాదు, బిడ్డ గదా,” అన్నాడు నాయన. “గడ్డపార కొట్టంలో ఉండాది. పొద్దున చూద్దాం.”

అమ్మ కొంగుతో తల తుడుచుకుంటూ అక్కడే కూర్చుండిపోయింది. స్లాబు కావాలని ఏళ్ళ తరబడి అడిగింది ఆమే. ఆ సాయంత్రం ఆమె కళ్ళు ఎందుకు తుడుచుకుందో నన్నడిగితే నేను చెప్పలేను. నేను మాత్రం కొట్టంలోకి పోయి, ఆమె సున్నం కొట్టిన తెల్లగోడకు మొహం పెట్టి ఏడ్చాను.

మొదటి పోటు నాయనే పొడిచాడు, మాట ప్రకారం. తర్వాత అన్న మనుషులు దిగారు. వాళ్ళు మిద్దెను విప్పి దింపినంతసేపూ నాయన వేపచెట్టు కింద నిలబడి, దంతెలు పగలకుండా దింపమని వాళ్ళను కసురుతూనే ఉన్నాడు. వాకిట్లో మిగిలిన చౌడును బుడేన్ సాహెబ్ తన గొడ్ల కొట్టం మిద్దెకు వేసుకుంటానన్నాడు. నాయన తానే పోయి పరిచి వచ్చాడు. ఇల్లు పూర్తయ్యేదాకా మేం కొట్టంలో ఉన్నాం. అమ్మ సున్నం అప్పుడు అక్కరకొచ్చింది, ఆ సంగతి ఆమె రోజూ గుర్తుచేసేది.

ఆ కొట్టంలోనే కూర్చుని మిద్దె మొత్తాన్ని అతికాను. షమాకు పంపాను. రెండోరోజు ఫోన్ చేసింది.

“అతుకు యాడుందో నాకే దొరకలేదు. కానీ కొంచెంసేపు చూస్తే రబ్బరు చాప పరిచినట్టుండాది మహిమా. అన్నీ ఒక్కటే. ఒక్కటి గాక కొన్ని రకాలు చెయ్యి. ఏది యాడ పడాల్నో ఆటే తనిష్టం వచ్చినట్టు వేసుకుంటాది. కొన్ని ఎక్కువగా, కొన్ని తక్కువగా పడేట్టు మనం చెప్పొచ్చు.”

అంటే గుర్తుపట్టే వస్తువు ఉండకూడదని కాదు. మళ్ళీ మళ్ళీ ఉండకూడదు, అంతే. ఆ మాట వినగానే నేనేం చేయాలో నాకు తెలిసిపోయింది. అంచులన్నీ ఒకదానికొకటి కలిసేలా చాలా రకాలు చేశాను. అన్నింటికంటే అరుదుగా పడే రకంలో, ఒక మూలకు, మడమ పెట్టాను.

“ఈ గుంట పొరపాటా?” అని అడిగింది షమా.

“కాదు. ఉండనీ.”

“ఏందది?”

“మా నాయన.”

ఆమె దాన్ని అట్లాగే ఉంచింది. నన్ను జట్టులోకి తీసుకున్నారు.

స్లాబు ఆరాక, వానలు మళ్ళీ మొదలయ్యాక, వదిన బిడ్డతో వచ్చింది. ఆడపిల్ల. ముందు గదిలో అదే మంచం మీద పడుకోబెట్టారు. వాన పడిన మొదటి సాయంత్రం నాయన ఆ మంచం పక్కనే నిలబడి తలెత్తి చూస్తూ ఉన్నాడు. సిమెంటు మీద వాన చప్పుడు వేరేగా ఉంటుంది. ఒక్క చుక్క రాలేదు. “మీ అన్న పనోడే,” అన్నాడు, అన్న ఊళ్ళో లేనప్పుడు చూసి.

తర్వాత వచ్చి నా పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. లాప్‌టాప్‌లో ఆట తెరిచి ఉంది. మా టెక్స్చర్లు వేసుకుని నలుగురూ కలిసి ఆడుకునే చోటు అది. ఎవరెవరో దిమ్మెలు పేర్చి ఊళ్ళు కట్టుకున్నారు. వాళ్ళలో కొందరు మా చౌడు తీసుకుని మిద్దెలు వేసుకున్నారు. నేను పైకెక్కి చూపించాను.

“ఈ ఇండ్లు ఎవురియి?”

“తెలీదు నాయనా. ఏ దేశమోళ్ళో.”

“వాన పడ్తాదా వీళ్ళకు?”

“పడ్తాది.”

“కార్తాదా?”

“కారదు. ఆట గదా.”

“కారకపోతే మరి చౌడెందుకు పరుచుకున్నారు?”

“చూసేకి బాగుంటాదని.”

ఆయన మీసం కొస కొరికాడు. “నా మడిమ యాడుండాదో చూపిచ్చు.”

“నాకూ తెలీదు. యాడ పడాల్నో ఆటే వేసుకుంటాది. వెతకాల.”

“వెతుకు అయితే.”

ఆటలోని నా మనిషిని మిద్దె మీద నుంచి మిద్దె మీదికి దూకించుకుంటూ పోయాను. ఆయన ముందుకు వంగి, తెర మీద వేలు పెట్టి, పగులు పగులూ చూస్తున్నాడు. ఇది కాదు, పక్కది చూడు, ఆ మూలకు పో, అంటున్నాడు. ముందు గదిలో వదిన బిడ్డను జో కొడుతోంది. బయట వాన అట్లాగే పడుతోంది. ఊరి చివర, ఎవరో తెలియని మనిషి కట్టుకున్న చిన్న ఇంటి మీద, పొగగొట్టం దగ్గర ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

అక్కడ ఉంది. గిన్నెలా చిన్న గుంట, నున్నగా, ఒక్కటే.

మా నాయన దాన్ని చాలాసేపు చూశాడు.

“వీళ్ళకు ఈడ కారింటాది,” అన్నాడు.